సంపూర్ణ నిద్రా గ్రామం

"రైతు నిద్రపోతే దేశం మేలుకుంటుంది!" అని ఆరోగ్య శాఖ సహాయ మంత్రి సారంగపాణి గారు సుబేదారిలో ప్రకటించిన రోజున, ఆ మాటకు అర్థమేమిటని ఎవరూ అడగలేదు. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లంతా ఆయన శాఖ మనుషులే. చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా మోగాయి.

అది ఎనభై ఏడో సంవత్సరం. యాసంగి నాట్లు అప్పుడే అయిపోయాయి. సుబేదారిలో ఒక అద్దె ఇంటికి రిబ్బను కట్టి, "నిద్ర-ఉల్లాస విభాగం" అని బోర్డు తగిలించారు. పల్లెల్లో రైతులకు సరిగ్గా నిద్ర పట్టడం లేదనీ, నిద్ర లేక దిగులు పుడుతోందనీ, దిగులు వల్ల ప్రభుత్వం మీద అసంతృప్తి పుడుతోందనీ ఏదో సర్వేలో తేలిందట. మూడోది తేలేదాకా మొదటి రెండింటినీ ఎవరూ పట్టించుకోలేదు.

మంత్రిగారి పక్కన ప్రాజెక్టు ఆఫీసర్ డాక్టర్ రాజేశ్వర్ రావు గారు నిలబడ్డారు. సామాన్యుడు కాడు. పదిహేను రోజుల సెమినారుకని విదేశం వెళ్లి ఒక కెమెరా, రెండు సూటుకేసులు, "యాంటీ ఆక్సిడెంట్" అనే మాట తెచ్చుకున్న మనిషి. కెమెరా, సూటుకేసులు ఇంట్లో ఉంచుకుని ఆ మాటను మాత్రం ప్రజలకు అంకితం చేశారు.

"ఇనుముకు తుప్పు పట్టినట్టే మనిషి లోపల కూడా తుప్పు పడుతుంది" అని ఆయన మైకులో వివరించారు. "ఆ తుప్పు వల్ల శరీరంలో ఉండే నిద్ర గడియారం చెడిపోతుంది. మన ఉసిరికాయకు ఆ తుప్పు వదిలించే గుణం ఉందా లేదా అన్నదే మన ప్రయోగం. ఉందనే తేలబోతోంది."

ఆ ఉసిరికాయలు మడికొండ రోడ్డు మీద మంత్రిగారి తోడల్లుడి షెడ్డులో గోలీలుగా మారి, "ఉల్లాస్" అనే పేరుతో డబ్బాల్లోకి ఎక్కాయి. డబ్బా మీద ఒక రైతు పొలం గట్టున నాగలి తలగడగా పెట్టుకుని నవ్వుతూ నిద్రపోతున్న బొమ్మ. నాగలి మీద తలపెట్టి ఎవడైనా నిద్రపోగలడా అని ఆ బొమ్మ వేసినవాడిని అడగాలి.

ఆ డబ్బాలు మోస్తూ సభ వెనకాల నిలబడ్డవాడు ప్రభుదాసు. హెల్త్ అసిస్టెంటు. టెంపరరీ. ఆరేళ్ల నుంచి టెంపరరీ. ప్రతి ఆదివారం అతని భార్య రూతు చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని, "ప్రభువా, మా ఆయన్ని పర్మినెంటు చెయ్యి" అని ప్రార్థించేది. ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు, ఎప్పుడు ఊడుతుందో తెలియని నౌకరి. ఈ ప్రయోగం సక్సెస్ అయితే నీ ఫైలు నేనే కదిలిస్తానని రాజేశ్వర్ రావు గారు మాటిచ్చారు. ఆ మాట విన్న రోజు నుంచి ప్రభుదాసుకు ఉసిరికాయ మీద భక్తి పుట్టింది.

ప్రయోగానికి ఎన్నికైన ఊరు గాదెపల్లి. కేసముద్రం దాకా ప్యాసింజరు బండి, అక్కడి నుంచి సైకిలు. ముందు గోలీలు ఇవ్వకుండా నెల రోజులు నిద్ర లెక్క రాయాలి. రెండు వందల పద్నాలుగు మంది పేర్లతో ఒక రిజిస్టరు. ఎన్నింటికి పడుకున్నారు, రాత్రి లేచారా, ఎన్నింటికి, కారణం, దిగులు ఎన్ని మార్కులు. దిగులుకు సున్నా నుంచి అయిదు వరకు మార్కులు.

మొదటి పేరు మొగిలమ్మ. మూడెకరాల వరి, ఒక బాయి, ఒక మోటరు, ఒక బర్రె. మొగుడు పోయి పదేళ్లయింది. వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది.

"అవ్వా, రాత్రి ఎన్నింటికి పండుకున్నవ్?"

"బువ్వ దిన్నంక."

"అంటే ఎన్ని గంటలకు?"

"బువ్వ దిన్నంక అంటాన్న గద బిడ్డా. మా ఇంట్ల గడియారం లేదు."

"సరే. నడుమల లేసినవా?"

"లేసిన. రెండు గంటల పది నిమిషాలకు."

ప్రభుదాసు పెన్ను ఆగింది. "గడియారం లేదంటివి?"

"గడియారమెందుకు? కరెంటచ్చేది గప్పుడే. బల్బు స్విచ్చి ఏసే పండుకుంటం. మొకం మీద ఎలుగు వడ్డదంటె బాయి కాడికి ఉరుకుడే. జర ఆలస్యమైతె అందరి మోటర్లు ఎక్కుతయి, మన మోటరు ఎత్తది. తెల్లారి అయిదింటికి మల్ల పోతది."

"రోజూ గిట్లనేనా?"

"గింత బువ్వ తినాలంటె గంతే బిడ్డా."

దిగులు ఎన్ని మార్కులు వేయాలో తెలియక, నిన్న ఎలా అనిపించిందని అడిగాడు. "నిన్న ఆఖరి మడి దాక నీళ్లు పారినయి. మంచిగనే ఉన్న" అంది. సున్నా వేశాడు.

రెండు వందల పద్నాలుగు మందిలో రెండు వందల మంది అదే చెప్పారు. మిగిలిన పద్నాలుగు మందీ పసిపిల్లలు. వాళ్లు కూడా రెండూ పదికే లేచి ఏడుస్తున్నారని తల్లులు చెప్పారు.

ఆ రిజిస్టరు చూసి రాజేశ్వర్ రావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన అలా లేవడం మంత్రిగారి కోసం తప్ప ఎవరూ చూడలేదు.

"రెండూ పది, రెండూ పది, రెండూ పది! ప్రభుదాస్, ఊరు ఊరంతా ఒకే నిమిషానికి లేస్తోందయ్యా! దీన్నేమంటారో తెలుసా? మాస్ బయలాజికల్ క్లాక్ డిజార్డర్! ప్రపంచంలో ఇప్పటిదాకా ఎక్కడా రికార్డు కాలేదు."

"ఊరికి కరెంటు గప్పుడే ఇస్తాండ్రట సార్."

"ఎవరన్నారు?"

"ఊరోళ్లందరు అంటాండ్రు సార్. కారణం అనే కాలమ్‌ల గదే రాసిన."

"తన జబ్బుకు కారణం పేషెంటుకే తెలిస్తే ఇంక మనమెందుకయ్యా? కరెంటు ఏ శాఖ?"

"విద్యుత్ శాఖ సార్."

"మనది?"

"ఆరోగ్యం సార్."

"మరి?"

మరుసటి నెల కొత్త రిజిస్టరు అచ్చయి వచ్చింది. అందులో కారణం అనే కాలమ్ తీసేశారు. కాగితం కూడా ఆదా అయిందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ఇక గోలీల పంపకం. పూటకు రెండు. పుల్లగా, వగరుగా ఉన్నాయి. ఊళ్లో పెద్దమనిషి ఎల్లస్వామి రెండు గోలీలు నమిలి, కళ్లు మూసుకుని, ఒక కొత్త విషయం కనిపెట్టాడు.

"సారూ, ఇది నోట్లేసుకోని కల్లు తాగితె కల్లు చెక్కరోలె తియ్యగయితాంది!"

అంతే. ఆ మధ్యాహ్నం నుంచి గాదెపల్లిలో ఉల్లాస్ గోలీలకు గిరాకీ పెరిగింది. తాటి చెట్ల కింద కూర్చున్నవాళ్లంతా నోట్లో గోలీ లేకుండా ముంత ఎత్తడం మానేశారు. "ప్రజలు గోలీలను స్వచ్ఛందంగా అడిగి తీసుకుంటున్నారు" అని ప్రభుదాసు రిపోర్టు రాశాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

కానీ రెండో నెల చివరన కూడా ఊరు రెండూ పదికే లేచింది. ముగ్గురు మాత్రం రెండూ అయిదుకు లేచారు. అందరికంటే ముందు మోటరు వేసుకోవాలని వాళ్లకు తోచిన ఉపాయం అది. రాజేశ్వర్ రావు గారు ఆ మూడు పేర్ల కింద ఎర్ర గీత గీసి, "రిథమ్ కదులుతోంది" అని పక్కన రాశారు. డోసు మూడు గోలీలకు పెంచారు. కల్లు మరింత తియ్యనయింది.

మార్చి నెలలో వరి పొట్టకొచ్చింది. అప్పుడే ఒక రోజు పొద్దున ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి ఉరిమి, నల్లగా పొగ కక్కి, ఊరుకుంది. నూనె కారి కింద గడ్డంతా తడిసింది. ఎల్లస్వామి నలుగురిని వెంటబెట్టుకుని కరెంటాఫీసుకు వెళ్లాడు. మీకంటే ముందు నలభై ఊళ్లవి కాలి ఉన్నాయి, వరుసలో రావాలి అన్నారు. వరుస ఎప్పుడు వస్తుందని అడిగితే, ముందున్న నలభై అయిపోయాక అని చెప్పారు. అది నిజమే కాబట్టి ఎల్లస్వామి దండం పెట్టి వచ్చేశాడు.

ఆ వారం ప్రభుదాసు రిజిస్టరు పట్టుకుని వచ్చేసరికి మొగిలమ్మ వాకిట్లో ఊరికే కూర్చుని ఉంది. బర్రె ముందు కుడితి లేదు.

"అవ్వా, రాత్రి లేసినవా?"

"లేసి ఏం జెయ్యాలె బిడ్డా? కరెంటే లేకపాయె."

"అంటే లేవలేదు."

"లేవలే. పండుకునే ఉన్న. కన్ను మాత్రం మూతవడలే. పొట్టకొచ్చిన పంట, మడి నెర్రెలు వాసింది. పది రోజులల్ల నీళ్లు పారకపోతె గింజంత తాలే. గదే కండ్ల ముంగట తిరుగుతాంది."

ప్రభుదాసు రిజిస్టరు చూసుకున్నాడు. "రాత్రి లేచారా?" అని ఒక కాలమ్ ఉంది. పడుకుని మేలుకుని ఉన్నారా అని లేదు. ఉన్న కాలమ్‌కు ఉన్న జవాబు రాయడం అతని డ్యూటీ. "లేవలేదు" అని రాశాడు. దిగులు దగ్గరికొచ్చి ఆగాడు. అయిదు వేస్తే ప్రయోగం పోతుంది. ప్రయోగం పోతే ఫైలు పోతుంది. మొగిలమ్మ మొహం చూడకుండా, పోయిన నెల వేసిన సున్నానే మళ్లీ వేశాడు.

ఆ వారం గాదెపల్లిలో రెండు వందల పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా రాత్రి లేవలేదు.

రాజేశ్వర్ రావు గారు ఆ రిజిస్టరును రెండు చేతులతో పట్టుకున్నారు. "హండ్రెడ్ పర్సెంట్!" అన్నారు. "మూడు గోలీలతో ఊరు ఊరే నయమైపోయింది!"

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది సార్. అందుకని..."

"ప్రభుదాస్, నీ ఫైలు ఎక్కడుందో తెలుసా?"

"తెల్వదు సార్."

"నా సొరుగులో."

ఆ సాయంత్రం ఫైలు కదులుతోందని విని రూతు సంతోషంతో సేమియా పాయసం వండింది. ప్రభుదాసు రెండు చెంచాలు తిని, మిగిలింది పిల్లల గిన్నెల్లో పోశాడు.

వారంలోనే మంత్రిగారి ప్రోగ్రాం ఖాయమైంది. గాదెపల్లిని దేశంలోనే తొలి సంపూర్ణ నిద్రా గ్రామంగా ప్రకటిస్తారు. ఈ వార్త విని ఊరికి ప్రాణం లేచొచ్చింది. ఎల్లస్వామి అందరినీ పోగుచేసి ఒక ఉపాయం చెప్పాడు.

"పెద్దోళ్ల దగ్గర అడుక్కునే పద్ధతొకటి ఉంటది. ముంగట మెచ్చుకోవాలె, అటెన్క అడగాలె. మంత్రి ఏమడిగినా గోలీలే మంచిగ జేసినయని చెప్పుండ్రి. ఆయన మనసు నిండినంక ట్రాన్స్‌ఫారం కాయితం చేతుల వెడదాం. ఎవ్వలు కరెంటు మాట ముంగట ఎత్తద్దు. ఏమంటవ్ ప్రభుదాసు సారూ?"

ప్రభుదాసుకు ఆ ఉపాయం ఎంతో నచ్చింది. ఊరికి ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది, తనకు నౌకరి వస్తుంది, ఎవరికీ నష్టం లేదు. "మంచిగుందన్నా" అన్నాడు. దరఖాస్తు తానే చక్కని ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఆ రాత్రి ఇంటికి పోయి కడుపు నిండా తిన్నాడు.

సభ రోజు ఎండ మాడ్చేస్తోంది. మంత్రిగారు అయిదు జీపులతో వచ్చారు. దారి పొడవునా ఎర్రబారుతున్న వరి మళ్లను చూసి, "పంట అప్పుడే పండిందే!" అని మెచ్చుకున్నారు. వేదిక ఎక్కగానే మొగిలమ్మను ముందుకు పిలిచారు.

"అమ్మా, ఈ గోలీలు వేసుకున్నాక నిద్ర ఎలా పడుతోంది?"

"మంచిగ వడుతాంది దొరా. తలగడ మీద తల వెట్టుడే ఎరుక."

"రాత్రి మెలకువ?"

"ఎరుగ దొరా."

"దిగులు?"

మొగిలమ్మ ఒక క్షణం ఎల్లస్వామి వైపు చూసింది. "దిగులా? గదేంది దొరా?" అంది.

మంత్రిగారు చేతి రుమాలుతో కళ్లు ఒత్తుకున్నారు. ఇక ఊరు ఆగలేదు. మెచ్చుకోవడం మొదలుపెడితే గాదెపల్లి ఏమీ తక్కువ తినలేదు. ఒకడు తనకు ఇరవయ్యేళ్ల నుంచి లేని నిద్ర వచ్చిందన్నాడు. ఇంకొకడు తన అత్త కూడా అలగడం మానేసిందన్నాడు. మూడోవాడు గోలీ కింద పడితే బర్రె తిన్నదనీ, అది కూడా తెల్లవార్లూ గురక పెడుతోందనీ చెప్పాడు. రాజేశ్వర్ రావు గారు బర్రె సంగతి కూడా రాసుకున్నారు.

మనసు నిండిందని తెలిసి ఎల్లస్వామి వేదిక ఎక్కి, దండం పెట్టి, దరఖాస్తు చేతిలో పెట్టాడు. "దొరా, గీ ఒక్క కోరిక. మా ట్రాన్స్‌ఫారం కాలిపోయింది. పంట ఎండుతాంది. మీరొక్క మాట రాస్తె రేపే బిగిస్తరు."

మంత్రిగారు జేబులోంచి పెన్ను తీశారు. ఊరంతా ఆ పెన్ను వైపే చూసింది. అప్పుడు రాజేశ్వర్ రావు గారు వంగి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు. పక్కనే గోలీల డబ్బా పట్టుకుని నిలబడ్డ ప్రభుదాసుకు ఒక్కొక్క మాటా వినిపించింది.

"సార్, అది బిగిస్తే వీళ్లు మళ్లీ రెండూ పదికి లేస్తారు. రిజల్టు పోతుంది. ఢిల్లీకి రిపోర్టు వెళ్లాలి."

మంత్రిగారు తల పంకించారు. కాగితం మీద ఇంగ్లీషులో రెండు లైన్లు రాసి, పొడుగ్గా సంతకం చేసి, మైకు దగ్గరికి వచ్చారు.

"సోదరులారా! ఎంతో కష్టపడి సంపాదించుకున్న మీ నిద్ర జోలికి ఎవరినీ రానివ్వను! ఇది నా మాట!"

గాదెపల్లి చేతులు నొప్పులు పుట్టేలా చప్పట్లు కొట్టింది. జీపులు వెళ్లిపోయాక ఎల్లస్వామి కాగితం తెచ్చి ప్రభుదాసు ముందు పెట్టాడు. మొగిలమ్మ కూడా వచ్చి నిలబడింది.

"ఏం రాసిండు కొడుకా?"

కాగితం మీద ఇలా ఉంది. "ప్రజల నిద్రను దృష్టిలో పెట్టుకుని, ప్రయోగం ముగిసే వరకు ఈ గ్రామానికి ట్రాన్స్‌ఫార్మర్ బిగించవద్దు."

ప్రభుదాసు ఒకటికి రెండుసార్లు చదివాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాడు. రాజేశ్వర్ రావు గారు వెళ్తూ వెళ్తూ, "సోమవారం వచ్చి నీ ఆర్డరు తీసుకో" అన్న మాట చెవిలో ఇంకా వెచ్చగా ఉంది.

"పై ఆఫీసుకు చూపియ్యిమని రాసిండ్రవ్వా" అన్నాడు.

"చల్లగుండ" అని మొగిలమ్మ అతని తల నిమిరింది.

ఎల్లస్వామి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పెళ్లి కార్డులా పట్టుకుని, ఎనిమిది రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మంత్రిగారి సంతకం చూసి అందరూ లేచి కుర్చీ వేశారు, చాయ్ తాగించారు, పై ఆఫీసుకు పంపారు. చదివి విప్పి చెప్పే ధైర్యం ఎవరికీ రాలేదు. తొమ్మిదో రోజు ఎవరో కొత్తగా చేరిన ఇంజనీరు చదివి చెప్పాడు.

ఆ మరునాడు ప్రభుదాసు సైకిలు దిగేసరికి ఎల్లస్వామి ఊరి మొదట్లోనే నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. కొట్టలేదు. ఒక్క మాట అడిగాడు.

"ఏమయ్యా సారూ, నీకు ఇంగిలీషు రాదా?"

ప్రభుదాసు తల దించుకున్నాడు. అవతల మొగిలమ్మ తన బర్రెను పలుపు విప్పి సొంత పొలంలోకే తోలింది. అది పొట్టతో ఎండిపోయిన వరిని నిమ్మళంగా మేస్తోంది. ఆమె గట్టు మీద కూర్చుని, ఏ మడి అయిపోయిందో ఏ మడి మిగిలిందో చూసుకుంటోంది.

పర్మినెంటు ఆర్డరులో ఒక షరతు ఉంది. ప్రయోగ గ్రామంలోనే నివాసం ఉండాలి. ప్రభుదాసు రూతునూ పిల్లలనూ తీసుకుని గాదెపల్లిలో ఒక గది తీసుకున్నాడు. ఊరివాళ్లు పలకరించడం మానేశారు. మొగిలమ్మ ఒక్కతే పిల్లలకు పాలు పోసేది. ఆ పాలు ప్రభుదాసు ముట్టేవాడు కాదు.

రిజిస్టరు మాత్రం నడుస్తూనే ఉంది. గ్రామంలో నివసించే ప్రతి ఒక్కరి పేరూ ఎక్కించాలని రూలు కాబట్టి, చివరి పేజీలో రెండు వందల పదిహేనో పేరు అతనిదే.

ఒక పొద్దున అతను రిజిస్టరు తెరిచి కూర్చుంటే, రూతు చాయ్ తెచ్చి పక్కన పెట్టింది.

"ఏందయ్యా, వారం సంది చూస్తాన్న. రాత్రంత కండ్లు తెరుసుకునే పంటున్నవ్. నౌకరి పర్మినెంటాయె, ఇంకేం ఫికరు?"

"నేను రాత్రి లేసిన్నా రూతూ?"

"లేవలే. పండుకునే ఉన్నవ్."

ప్రభుదాసు పెన్ను మూత తీశాడు. ఉల్లాస్ గోలీలు: మూడు. రాత్రి లేచారా: లేవలేదు. దిగులు దగ్గర అలవాటు చొప్పున గుండ్రటి సున్నా చుట్టి, రిజిస్టరు మూసి, ఆఫీసుకు పంపించాడు.